గన్‌ఫౌండ్రీ పాత ఇళ్లు: నిలబెట్టే ఖర్చు ఎవరిది?

ఈ స్మారకోపన్యాసంలో హైదరాబాద్ నగరంలోని చారిత్రక కట్టడాల మీద మాట్లాడమన్నారు. ఆ అంశాన్ని నేను కావాలనే కుదించుకుంటున్నాను. చార్మినార్ జోలికీ గోల్కొండ జోలికీ పోను. వాటికి కాపలా ఉంది, ప్రభుత్వ శాఖ ఉంది, చూడటానికి వచ్చే జనం ఉన్నారు. గన్‌ఫౌండ్రీ, ఆబిడ్స్, నాంపల్లి అనే ఈ కాస్త మేరలో మనుషులు కాపురముండటానికి కట్టుకున్న ఇళ్ల గురించే మాట్లాడతాను. ఇక్కడ ఒక పాత ఇల్లు కూలితే మనం రెండు కారణాలు చెప్పుకుంటాం. యజమానికి డబ్బాశ అంటాం, లేదా మనవాళ్లకు చరిత్ర పట్టదు అంటాం. రెండింటిలోనూ కొంత నిజం ఉండొచ్చు గాని, అసలు కారణం అక్కడ లేదని నా అభిప్రాయం. పాత ఇంటి అందం, జ్ఞాపకం, నీడ ఊరందరివి. దాని పైకప్పు బాగుచేయించే ఖర్చు మాత్రం ఒక్క కుటుంబానిది. ఆ స్థలం ధర ఏటేటా పెరుగుతుంటే, ఇంటిని కూల్చకుండా ఉంచినందుకు ఆ కుటుంబం ఏటేటా మరింత నష్టపోతుంది. ఈ లెక్కను సరిచేయకుండా మనం చేసిన జాబితాలు, చట్టాలు, సన్మానాలు ఇళ్లను ఎందుకు కాపాడలేకపోయాయో, ఏం చేస్తే కాపాడగలమో చెప్పడమే ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ఈ ప్రాంతం ఎలా ఏర్పడిందో ముందు చూడాలి. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1795 ప్రాంతంలో ఇక్కడ తోపులు, అంటే ఫిరంగులు, పోతపోయించాడు. జనం ఆ చోటును తోప్ కా సాంచా అన్నారు. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లీషువాళ్లు అతని పటాలం చేత ఆయుధాలు కింద పెట్టించారు. అప్పటికి ఇది ఊరి బయటి నేల. తర్వాతి నూరేళ్లలో మూసీ నదికి ఉత్తరాన బ్రిటిష్ రెసిడెన్సీ, దాని చుట్టూ బజారు, చర్చిలు, బడులు లేచాయి. 1875 నాటికి సెయింట్ జోసెఫ్ కెథీడ్రల్, 1887లో నిజాం కాలేజి, 1907లో మహబూబియా బాలికల పాఠశాల, అదే ఏడాది నాంపల్లి స్టేషన్ వచ్చాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణాలు తీసింది. ఆ దెబ్బతో, దానికి తోడైన ప్లేగు భయంతో, స్తోమత ఉన్నవాళ్లు ఉత్తర గట్టుకు చూపు మళ్లించారు. 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కింగ్ కోఠీలోనే నివాసం ఉండటంతో ప్రముఖులకూ ఈ వైపే ఆకర్షణ అయింది. 1912లో ఏర్పాటైన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు రోడ్లు వెడల్పు చేసింది, నాంపల్లి వంటి చోట్ల ఇరుకు బస్తీలు తొలగించి కొత్త ఇళ్లు కట్టించింది. కనుక ఈ పేట పాతబస్తీ లాంటిది కాదు. డాక్టర్లు, వకీళ్లు, మాస్టర్లు, రైల్వే ఉద్యోగులు, నవాబులు, వ్యాపారులు పక్కపక్కనే కాపురమున్న, ఆ కాలపు కొత్త మధ్యతరగతి పేట. ఇక్కడి ఇళ్లలో దేవిడీల, అంటే నవాబుల పెద్ద ఇళ్ల, దాలాన్లు (స్తంభాల వసారాలు), సెహన్లు (లోపలి ముంగిళ్లు) ఉన్నాయి. బంగళా వరండాలు, పోర్టికోలూ ఉన్నాయి. ఈ కలయిక నగరంలో మరోచోట ఇంత దగ్గరగా కనిపించదు. అందుకే దీని మీద ఇంత పట్టుబడుతున్నాను.

ఇక మిగిలినవేమిటో చూద్దాం. నిజాం కాలేజి భవనం ఒకప్పుడు నవాబ్ ఫక్రుల్ ముల్క్ నివాసం, దాని పేరు అసద్ బాగ్. ఆయనే కట్టించుకున్న మరో ఇల్లు ఖైరతాబాద్ దగ్గరి ఎర్రమంజిల్. రెండూ ఉన్నాయి. ఒకటి కాలేజి అయింది, రెండోది ప్రభుత్వ కార్యాలయాలకు పోయింది. నాంపల్లి స్టేషన్ రోడ్డులోని గోల్డెన్ త్రెషోల్డ్ అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఇల్లు. నిజాం కాలేజిగా ఎదిగిన హైదరాబాద్ కాలేజికి ఆయన మొదటి ప్రిన్సిపాల్. 1905లో అచ్చయిన సరోజినీ నాయుడు తొలి కవితా సంపుటి పేరే ఆ ఇంటికీ నిలిచింది. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైంది ఆ ఇంట్లోనే. ఇప్పటికీ అది విశ్వవిద్యాలయానిదే. కోఠీలోని రెసిడెన్సీ మహిళా కళాశాల అయింది. ఇప్పుడు పోయినవాటి వైపు చూడండి. 1887 నుంచి 1893 దాకా నిజాం దివానుగా (ప్రధానమంత్రిగా) ఉన్న ఆస్మాన్ జా, అంటే బషీరుద్దౌలా, కట్టించుకున్న బషీర్ బాగ్ ప్యాలెస్ లేదు. చౌరస్తాకు పేరు మాత్రం మిగిలింది. నిజాం ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాలు చూసిన, 1895లో మరణించిన మౌల్వీ చిరాగ్ అలీ పేరు ఆబిడ్స్‌లో ఒక సందుకు ఉంది. ఆ సందులో ఇప్పుడున్నవి కాంప్లెక్సులు. నదికి ఆవలి, సాలార్ జంగ్ దివాన్ల నివాసమైన దివాన్ దేవిడీ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1951లో సాలార్ జంగ్ మ్యూజియం తెరిచింది ఆ దేవిడీలోనే. 1968లో మ్యూజియం కొత్త భవనానికి మారింది. మ్యూజియం ఉన్నంతకాలం నిలిచిన ఆ ఇల్లు, అది వెళ్లిపోయాక కూలింది; ఆ నేల మీద దుకాణాలు, ఇళ్ల సముదాయాలు లేచాయి. ఇవన్నీ పక్కపక్కన పెడితే కనబడేది ఒకటే. ఈ పేటలో పెద్ద ఇల్లు నిలిచిందంటే అది అమ్మకానికి రాని చేతుల్లోకి, అంటే కాలేజి, బడి, చర్చి, ఆఫీసు చేతుల్లోకి పోయి నిలిచింది. కుటుంబం చేతిలో ఉండి, వాటాలు పడి, అంగడికి వచ్చిన ఇల్లు చాలావరకు నిలవలేదు. ఇందులో ఫక్రుల్ ముల్క్ వారసుల అభిరుచి గొప్పదనీ ఆస్మాన్ జా వారసులది తక్కువనీ అనడానికి ఏ ఆధారమూ లేదు. తేడా అంతా ఇల్లు ఎవరి చేతుల్లో పడిందన్న దగ్గరే ఉంది.

కుటుంబం చేతిలో ఉన్న ఇల్లు ఎలా చస్తుందో దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఆ ఇల్లు ఒక్కరోజులో కూలదు. పిట్టగోడ పగులులో రావి మొలక వస్తుంది. దాన్ని మొదటి వానకే పీకేస్తే పోతుంది. రెండేళ్లు వదిలేస్తే వేరు సున్నంలోకి దిగి నీటికి దారి చేస్తుంది. ఆ నీరు పైకప్పులోకి వస్తుంది. ఈ పేటలో చాలా ఇళ్ల పైకప్పులు ఇనుప గర్డర్ల మధ్య చిన్న చిన్న ఇటుక కమానులు పేర్చి పోసినవి. తడికి గర్డరు తుప్పుపట్టి ఉబ్బుతుంది, ఉబ్బిన గర్డరు పక్క ఇటుకను నెడుతుంది, కింద మంచం మీద పెచ్చులు పడతాయి. అప్పుడు మేస్త్రీని పిలుస్తారు. అతనికి తెలిసింది సిమెంటు. అసలు గోడ గానుగలో నూరిన సున్నంతో, కరక్కాయ, బెల్లం కలిపిన నీళ్లతో పెట్టింది. సున్నపు గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే తడి బయటికి వచ్చే దారి మూసుకుపోయి లోపలి ఇటుక పొడిపొడిగా రాలుతుంది. మరమ్మతు చేయించిన మూడో ఏడాదికి గోడ మునుపటికంటే పాడవుతుంది. సున్నం పని తెలిసిన చేయి దొరకడం కష్టం, దొరికినా కూలి ఎక్కువ, పని నెమ్మది. ఈలోగా వానాకాలం ముందు కార్పొరేషన్ వాళ్లు శిథిల భవనాల లెక్క తీస్తారు. ఇల్లు ఖాళీ చేయండి, కూల్చండి అని నోటీసు వస్తుంది. ప్రాణాలు కాపాడటానికి ఆ నోటీసు అవసరమే, దాన్ని తప్పుపట్టను. కాని ఆ నోటీసు అందుకున్న యజమానికి మరమ్మతుకు డబ్బిచ్చేవారు ఒక్కరూ లేరు, కూల్చితే డబ్బిచ్చేవారు గేటు దగ్గరే ఉన్నారు. వారసత్వ జాబితాలో ఉండి మామూలుగా కూల్చడానికి వీల్లేని ఇంటికి, వానలకు వదిలేసి ఆ నోటీసు కోసం ఎదురుచూడటం కూడా ఒక దారి అవుతుంది. ఇలాంటి పరిస్థితిలో ఒక కుటుంబాన్ని పెట్టి, వాళ్లకు చరిత్ర మీద ప్రేమ లేదని నిందించడం అన్యాయం.

డబ్బు వైపు నుంచి చూస్తే ఈ అన్యాయం ఇంకా తేటపడుతుంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. అది జరగవలసిన పనే. దాంతో పెద్ద ఇళ్లను నడిపిన ఆదాయం ఆగింది, ఇళ్లు మాత్రం ఉండిపోయాయి. 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టం హైదరాబాద్‌లో ఖాళీ స్థలానికి 1000 చదరపు మీటర్ల పరిమితి పెట్టింది. పెద్ద ఆవరణ ఉండటమే భయానికి కారణమై, తోటలూ వెనక పెరళ్లూ ముక్కలు కావడానికి అది తోడ్పడింది. ఉమ్మడి రాష్ట్రంలో ఆ చట్టం 2008లో పోయేనాటికి ఆవరణలు చాలావరకు కరిగిపోయాయి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద ఏళ్ల తరబడి ఉన్న కిరాయిదారు కట్టే అద్దె, ఒక్క వానాకాలపు మరమ్మతుకు కూడా చాలని ఇళ్లున్నాయి. వాటికి తోడు వారసత్వం. మూడు తరాలు గడిచేసరికి ఒక ఇంటికి పదిమందో ఇరవైమందో వాటాదారులు. అందులో కొందరు బంజారాహిల్స్‌లో, కొందరు అమెరికాలో. ఇంటిని నిలువుగా కోసి పంచుకోలేరు. డెవలప్‌మెంట్‌కు ఇస్తే మాత్రం ఫ్లాట్లుగా, షాపులుగా పంచుకోవచ్చు. తగువు పడిన అన్నదమ్ములు కూడా ఒక్క సంతకంతో ఒప్పందానికి వచ్చే మార్గం అది. ఈ పేటలో బేరం ఎప్పుడూ గజాల్లోనే జరుగుతుంది. ఎన్ని గజాలు, రోడ్డు ఎన్ని అడుగులు, మూల బిట్టా కాదా అని అడుగుతారు. ఇంట్లో టేకు దూలాలున్నాయా, రంగు గాజు వెంటిలేటర్లున్నాయా అని అడిగేవాడు పాత సామాను కొనేవాడొక్కడే. ఇల్లు విలువ సున్నా కాదు, సున్నాకంటే తక్కువ. ఎందుకంటే కొనేవాడు దాన్ని కూల్చే ఖర్చు కూడా ధరలో తగ్గిస్తాడు.

చట్టం ఏం చేసింది? హైదరాబాద్‌లో వారసత్వ కట్టడాల రక్షణకు 1995లో జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన చేర్చారు. దాని కింద 1998 నుంచి ప్రకటించిన జాబితాల్లో 150కి పైగా కట్టడాలు చేరాయి, ప్రైవేటు ఇళ్లతో సహా. దేశంలో మొదటగా ఇలాంటి నిబంధన తెచ్చుకున్న నగరాల్లో మనదొకటి. ముంబయి కూడా అదే ఏడాది తెచ్చింది. ఆ పని చేసినవాళ్లకు, దాని కోసం దశాబ్దాలుగా కోర్టుల చుట్టూ తిరిగిన పౌరులకు మనం రుణపడి ఉన్నాం. 2015లో ఆ నిబంధనను తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్‌ను తీసేసి అసెంబ్లీ భవనం కడతామన్న మంత్రివర్గ నిర్ణయాన్ని ఆ ఏడాది సెప్టెంబరు 16న హైకోర్టు కొట్టేసింది. నేనూ సంతోషించిన తీర్పు అది. కాని ఎర్రమంజిల్ ప్రభుత్వానిది. ప్రభుత్వాన్ని కోర్టు ఆపగలదు. ప్రభుత్వానికి మరమ్మతు ఖర్చు భారం కాదు. ప్రైవేటు ఇంటి విషయంలో కోర్టు గునపాన్ని ఆపగలదు గాని వానను ఆపలేదు. మన నిబంధనల్లో కూల్చవద్దు అన్న మాట బలంగా ఉంది, నిలబెట్టడానికి ఇదిగో ఇంత అన్న మాట దాదాపు లేదు. జాబితాలోకి ఎక్కడమంటే స్థలం ధర పడిపోవడం, బ్యాంకు వెనకాడటం, పక్కింటివాడు ఐదంతస్తులు వేస్తుంటే చూస్తూ కూర్చోవడం. అందుకే తమ ఇంటిని జాబితా నుంచి తీసేయమని యజమానులు అడిగారు. వాళ్ల స్థానంలో ఎవరున్నా అదే అడుగుతారు.

నష్టపరిహారంగా ఒక మంచి ఉపాయం ఇతర నగరాల్లో ఉంది. దాన్ని టీడీఆర్, అంటే అభివృద్ధి హక్కుల బదిలీ, అంటారు. పాత ఇంటి యజమాని తన స్థలంలో కట్టుకోలేకపోయిన అంతస్తుల హక్కును కాగితం మీద తీసుకుని, మరోచోట కట్టుకునే బిల్డరుకు అమ్ముకుంటాడు. ముంబయిలో, అహ్మదాబాద్‌లో వారసత్వ కట్టడాలకు ఇది వాడారు. మన 2012 నాటి భవన నిబంధనల్లోనూ, అంటే జి.ఓ. 168లోనూ, వారసత్వ భవనాలకు టీడీఆర్ మాట ఉంది. మరి గన్‌ఫౌండ్రీలో అది ఎందుకు పనిచేయలేదు? సమాధానం 2006 మార్చిలో వచ్చిన జి.ఓ. 86లో ఉంది. స్థలం ఎంతో దాన్ని బట్టి మొత్తం ఎంత కట్టవచ్చో చెప్పే ఎఫ్ఎస్ఐ పరిమితిని హైదరాబాద్ అప్పుడే వదులుకుంది. రోడ్డు వెడల్పును బట్టి ఎత్తు, ఎత్తును బట్టి చుట్టూ వదలాల్సిన జాగా. అంతకుమించి పరిమితి లేదు. వెడల్పాటి రోడ్డు మీద పెద్ద బిట్టు ఉన్న బిల్డరుకు తనంతట తానే ఎన్ని అంతస్తులైనా దక్కుతున్నప్పుడు, నాంపల్లిలోని ఒక ముసలి ఇంటి నుంచి హక్కు కొనుక్కోవాల్సిన అవసరం ఏముంది? పరిమితి ఉన్న ఊళ్లో అదనపు హక్కుకు ధర ఉంటుంది. పరిమితి లేని ఊళ్లో ఆ కాగితం చిన్న రోడ్ల మీద ఒకటో రెండో అంతస్తులు పెంచుకోవడానికి మాత్రమే అక్కరకొస్తుంది. అంటే పాత ఇంటికి మనం ఇవ్వజూపిన నాణేన్ని పశ్చిమ దిక్కున లేచిన ఆకాశహర్మ్యాల కోసం మనమే చెల్లకుండా చేసుకున్నాం. వారసత్వ సభల్లో ఈ జి.ఓ. గురించి తక్కువగా మాట్లాడతాం. అది ఇళ్ల ధరల సంగతి, బిల్డర్ల సంగతి అనుకుంటాం. నా దృష్టిలో హైదరాబాద్ పాత ఇళ్ల మీద గత ముప్పయ్యేళ్లలో అన్నిటికంటే ఎక్కువ ప్రభావం చూపిన పత్రం అదే. దాన్ని వెనక్కి తీసుకునే రోజు వస్తుందో రాదో చెప్పలేం. రానంతకాలం టీడీఆర్ మీద ఆశపెట్టుకోవడం వృథా. వేరే నిధి వెతకాలి.

ఈ సమస్య మనకొక్కరికే వచ్చింది కాదు. నేల కొరత ఉన్న దీవి పట్టణాల్లో ఇది ఇంకా పచ్చిగా కనబడుతుంది. ముంబయి ద్వీప నగరంలో, పద్దెనిమిదో శతాబ్దం చివర నుంచి తెలంగాణ కామాటీలు (కట్టుబడి కూలీలు) వెళ్లి స్థిరపడ్డ కామాటిపురా మనవాళ్ల పేట. అక్కడి పాత ఇళ్లలో అద్దెలు 1947 నాటి చట్టంతో గడ్డకట్టాయి. ఇళ్లు కూలుతుంటే 1969లో చట్టం చేసి, సెస్సు వసూలు చేసి, ఒక బోర్డు ద్వారా మరమ్మతులు చేయించడం మొదలుపెట్టారు. మరమ్మతు ఊరి బాధ్యత అని ఒప్పుకోవడం గొప్ప అడుగు. కాని అద్దె పెరగనివ్వకుండా సెస్సుతో నడిపిద్దామనుకుంటే డబ్బు చాలలేదు, ఇళ్లు కూలుతూనే ఉన్నాయి. పినాంగ్ దీవిలోని జార్జ్‌టౌన్ దీనికి ఎదురు దారిలో పోయింది. అక్కడ 1966 నాటి అద్దె నియంత్రణ చట్టాన్ని 2000 జనవరి 1 నుంచి ఎత్తేశారు. తరతరాలుగా కిరాయికి ఉన్న చిన్న పనివాళ్లు, దుకాణదారులు పెద్ద సంఖ్యలో వెళ్లిపోయారు. 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది, హోటళ్లు వచ్చాయి. ఇళ్లు బాగుపడ్డాయి, ఇళ్లవాళ్లు మారిపోయారు. అమెరికాలోని నాంటకెట్ దీవి 1955లోనే తన పట్టణాన్ని చారిత్రక ప్రాంతంగా ప్రకటించుకుంది. అక్కడ పెంకు మార్చాలన్నా కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి. ఊరు అందంగా నిలిచింది, ధరలు అందనంత ఎత్తుకు పోయాయి. అక్కడ పనిచేసే చాలామంది ఒడ్డు నుంచి పడవలో వచ్చి పోవాల్సి వస్తోంది. అదే దీవి 1983లో ఆస్తి అమ్మకాల మీద 2 శాతం రుసుము పెట్టి ఖాళీ భూములను ఊరి పేర కొనడం మొదలుపెట్టింది. అంగడి నుంచి కొంత తీసి అంగడి పాడుచేసేదాన్ని కాపాడటం వీలవుతుందని అది చూపించింది. అద్దె పూర్తిగా బిగించినా ఇల్లు చస్తుంది, పూర్తిగా వదిలేసినా కాపురం పోతుంది, అందాన్ని ఒక్కదాన్నే కాపాడినా సామాన్యుడు పోతాడు. కాబట్టి గన్‌ఫౌండ్రీలో మరమ్మతు డబ్బు, కిరాయిదారు భద్రత రెండూ ఒకే ఒప్పందంలో ఉండాలి.

దీనికి అడ్డుచెప్పేవారి మాటల్లో బలమున్నవి ఉన్నాయి. మొదటిది తెలంగాణలో ఎవరూ తోసిపుచ్చలేనిది. ఈ దేవిడీలు జాగీర్ల సొమ్ముతో, రైతుల వెట్టితో లేచినవి. వాటి కోసం ప్రజల డబ్బు ఎందుకు పెట్టాలి? ఈ ప్రశ్నను నేను గౌరవిస్తాను. ముందుగా, ఈ పేటలో ఇళ్లన్నీ నవాబులవి కావు. గోల్డెన్ త్రెషోల్డ్ ఒక అధ్యాపకుడిది. చాపెల్ రోడ్డు చుట్టుపక్కల ఇళ్లలో ఉన్నవాళ్లు ఎక్కువగా జీతగాళ్లు. నవాబుల ఇళ్ల విషయానికొస్తే, రైతు సొమ్ముతో లేచిందని ఒప్పుకుంటే ఆ ఇంటి మీద రైతు మనవలకు హక్కుందని ఒప్పుకున్నట్టే. కూల్చి కాంప్లెక్సు కడితే ఆ హక్కు బిల్డరుకు, వారసులకు పోతుంది. ప్రజాధనం పెట్టి, బదులుగా ఏడాదిలో కొన్ని రోజులు బడిపిల్లలకు, ప్రజలకు తెరవాలని షరతు పెడితే ఆ హక్కు మొదటిసారి అసలువాళ్లకు చేరుతుంది. పైగా ఆ కమానులు తిప్పింది, ఆ గచ్చు తీసింది నవాబు కాదు. పేరు తెలియని మేస్త్రీలు, వడ్రంగులు, సున్నం నూరిన ఆడవాళ్లు. వాళ్ల పనితనానికి ఈ గోడలు తప్ప మరో దాఖలా లేదు.

రెండో అడ్డు ఇళ్ల కొరత. నగరం నడిబొడ్డున, మెట్రో స్టేషనుకు నడక దూరంలో, రెండంతస్తుల ఇల్లు వేయి గజాలు ఆక్రమించుకుని కూర్చోవడం పేదవాడికి ద్రోహం కాదా అంటారు. 2018లో మెట్రో నాంపల్లి మీదుగా నడవడం మొదలయ్యాక ఈ మాట ఇంకా గట్టిగా వినిపిస్తోంది. కూల్చిన ఇళ్ల చోట ఇళ్లు లేచి ఉంటే ఈ వాదనకు నేను తలవంచేవాణ్ని. ఆబిడ్స్ రోడ్ల మీద నడిచి చూడండి. అక్కడ ముఖ్యంగా లేచినవి షాపులు, ఆఫీసులు, లాడ్జీలు, సెల్లార్లు. పాత ఇంటి వెనక అవుట్‌హౌసుల్లో, మేడమీది గదుల్లో తక్కువ అద్దెకు కాపురమున్న కుటుంబాలు ఆ కాంప్లెక్సుల్లోకి తిరిగి రాలేదు. అంటే కూల్చివేత ఈ పేటలో కాపురాలను తగ్గించింది. రాత్రి తొమ్మిది దాటాక షట్టర్లు పడితే ఆ వీధుల్లో మనిషి అలికిడి ఎంత తక్కువో అందరికీ తెలుసు. పేదలకు ఇళ్లు కట్టాలన్న పట్టుదల నిజమైనదైతే ప్రభుత్వ స్థలాలున్నాయి, ఖాళీ ప్లాట్లున్నాయి. చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మిగిలిన పాత ఇళ్ల మీద ఆ భారం మోపడం న్యాయం కాదు.

మూడోది యజమాని మాట: నా ఇల్లు, నా ఇష్టం. ఈ మాటలో సగం న్యాయం ఉంది, ఆ సగానికే నేను ఈ ఉపన్యాసమంతా కేటాయించాను. ఊరి కోసం ఒక మనిషి నష్టపోతే ఊరు ఆ నష్టం భరించాలి. రోడ్డు వెడల్పులో జాగా పోయినవాడికి పరిహారం ఇస్తున్నాం. ఇల్లు నిలబెట్టినందుకు నష్టపోయేవాడికి ఇవ్వడంలో వింతేముంది? మిగతా సగం మాత్రం నేను ఒప్పుకోను. గన్‌ఫౌండ్రీలో గజం ధర పెరగడంలో యజమాని చేసిందేమీ లేదు. స్టేషను, కాలేజి, బ్యాంకు, రోడ్డు, మెట్రో, పక్కవాళ్ల కష్టం కలిసి పెంచాయి. ఊరు పెంచిన ధరలో ఊరికి చిన్న భాగం అడగడం దోపిడి కాదు.

ఆ భాగాన్ని వసూలు చేయడానికి కొత్త పన్ను కూడా అక్కర్లేదు. ఎత్తైన భవనాలకు అనుమతిచ్చేటప్పుడు మన కార్పొరేషన్ సిటీ లెవెల్ ఇంపాక్ట్ ఫీజు వసూలు చేస్తోంది. కొత్త భవనం ఊరి మీద వేసే భారానికి అది ప్రతిఫలం. పాత ఇళ్ల మీద ధర రూపంలో పడే భారం కూడా అందులోదే కదా? ఆ ఫీజులో చిన్న వాటాను మరమ్మతు నిధిగా వేరుచేయాలి. యజమానితో ఇరవయ్యేళ్ల ఒప్పందం రాసుకుని, పైకప్పుకు, తడికి, విద్యుత్ తీగలకు ఆ నిధి నుంచి డబ్బివ్వాలి. ఆ కాలంలో ఆస్తిపన్ను మాఫీ చేయాలి. ఇంట్లో కిరాయిదారు ఉంటే అతన్ని పంపకూడదన్న షరతు, అద్దెను ఏటా కొద్దిగా పెంచుకునే హక్కు రెండూ అందులో రాయాలి. గడువులోగా ఇల్లు అమ్మితే పెట్టిన డబ్బు నిధికి తిరిగి రావాలి. కింది అంతస్తులో డాక్టరో వకీలో గది పెట్టుకోవడానికి, గ్రంథాలయమో బడో నడపడానికి అడ్డు చెప్పకూడదు, పైన కాపురం ఉండాలి. మొజంజాహీ మార్కెట్‌ను మరమ్మతు చేసి 2020 ఆగస్టులో తిరిగి తెరిచినప్పుడు, రాతి పని, సున్నం పని ఈ ఊళ్లో చేయించవచ్చని ప్రభుత్వమే రుజువు చేసింది. ఆ మార్కెట్ అందంగా ఉండటానికి ఒక కారణం అక్కడ పాత దుకాణాలు ఇంకా నడవటం. ఇళ్లకూ అదే వర్తిస్తుంది. ఇంత డబ్బుకు ప్రభుత్వం దగ్గర ఇంతకంటే ముఖ్యమైన పనులు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. కాని ఈ పేటలో మిగిలిన పాత ఇళ్ల పైకప్పులన్నీ బాగుచేయడానికి అయ్యే ఖర్చును ఒక్క ఫ్లైఓవర్ ఖర్చు పక్కన పెట్టి చూడమని నా మనవి. మొదట ఆ లెక్క తీయించాలి. ఇప్పటిదాకా జాబితాలో ఇళ్ల పేర్లు రాశాం గాని, ఏ ఇంటికి ఎంత మరమ్మతు కావాలో రాయలేదు.

ఈ నిధి రేపే రాదు. అది వచ్చేలోగా చేయగల చిన్న పని ఒకటుంది. దాన్ని కార్పొరేషన్ అధికారులను, ఇంజనీరింగ్ కాలేజీలను, ఈ సభలో ఉన్న యజమానులను వేడుకుని సెలవు తీసుకుంటాను. వచ్చే వానాకాలం ముందు శిథిల భవనాల లెక్క తీసేటప్పుడు, ఈ పేటలో యాభై ఏళ్లు దాటిన ఏ ఇంటికైనా కూల్చివేత నోటీసు రాయకముందే సున్నం పని తెలిసిన ఒక ఇంజనీరు ఆ ఇంటి పైకప్పు ఎక్కి చూడాలి. ఏది పడిపోతుందో, ఏది నిలబెట్టవచ్చో, దానికెంత అవుతుందో ఒక కాగితం మీద రాసి యజమాని చేతికివ్వాలి. కాలేజీలు ఆ పనికి విద్యార్థులను పంపాలి. యజమానులు డెవలప్‌మెంట్ ఒప్పందం మీద సంతకం చేసేముందు ఆ కాగితాన్ని ఒక్కసారి చదవాలి.